స్కూలు మీద కోపం ఎప్పుడు ఓటవుతుంది, ఎప్పుడు కాదు

ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో (వర్జీనియా) ఉంటున్న ఒక తండ్రి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "టీజే (పోటీ మీద సీటిచ్చే థామస్ జెఫర్సన్ హైస్కూల్) అడ్మిషన్లు మార్చినప్పటి నుంచి మా వాట్సాప్ గ్రూపుల్లో స్కూల్ బోర్డు (ప్రభుత్వ బడుల్ని నడిపే, ఓట్లతో ఎన్నికయ్యే మండలి) పేరెత్తితే చాలు మండిపడుతున్నారు. అయినా 2023లో ఏమీ మారలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో మాత్రం తల్లిదండ్రులు ముగ్గురు బోర్డు సభ్యుల్ని ఇంటికి పంపారు. తేడా ఎక్కడుంది? 2027 ఎన్నికల నాటికి మేం ఏం చేయాలి? నేను హెచ్-1బీ మీద ఉన్నాను, మా ఆవిడ సిటిజన్."

తేడా కోపం పాళ్లలో లేదు, ఓటరు చేతికి వచ్చిన కాగితంలో ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో బ్యాలట్ మీద ముగ్గురి పేర్లు, ఒక్కొక్కరి ఎదుట "తీసేయాలా, వద్దా" అన్న ప్రశ్న. ఫెయిర్‌ఫాక్స్ బ్యాలట్ మీద స్కూల్ బోర్డు ఎక్కడో అడుగున ఉంది. పైనుంచి కిందికి వచ్చేసరికి ఓటరు రాష్ట్ర రాజకీయాలన్నీ తలలో పెట్టుకుని వస్తాడు. ఈ రెండు కాగితాల్నీ విడివిడిగా చూద్దాం. మీరు 2027లో ఏం చేయగలరో అందులోనే తేలుతుంది.

మొదట శాన్‌ఫ్రాన్సిస్కో. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. 2021 జనవరిలో, పిల్లలు ఇంకా ఇంట్లో స్క్రీన్ల ముందు కూర్చుని ఉండగానే, 44 స్కూళ్ల పేర్లు మార్చాలని బోర్డు 6-1 ఓట్లతో తీర్మానించింది. ఆ జాబితాలో అబ్రహాం లింకన్ పేరున్న బడి కూడా ఉంది. ఏప్రిల్‌లో ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకున్నారు. ఈలోగా ఫిబ్రవరిలో లోవెల్ హైస్కూల్లో మార్కులు, పరీక్ష ఆధారంగా జరిగే ప్రవేశాల్ని తీసేసి లాటరీ పెట్టారు. చైనీస్ అమెరికన్ కుటుంబాలకు ఇది గుండెకి తగిలిన దెబ్బ. మార్చిలో ఉపాధ్యక్షురాలు అలిసన్ కాలిన్స్ 2016లో ఆసియన్ అమెరికన్ల మీద పెట్టిన ట్వీట్లు బయటికొచ్చాయి. తోటి సభ్యులు ఆమె పదవి తీసేస్తే, ఆమె 8.7 కోట్ల డాలర్లకు స్కూల్ జిల్లా మీద, తోటి సభ్యుల మీద దావా వేసింది. చిన్న క్లాసుల పిల్లలు ఏప్రిల్‌లో బడికి వెళ్లడం మొదలుపెట్టారు. మిడిల్, హైస్కూల్ పిల్లల్లో ఎక్కువమంది మాత్రం ఆగస్టు దాకా ఇంట్లోనే. దీనికి తోడు స్కూల్ జిల్లా బడ్జెట్లో దాదాపు 12.5 కోట్ల డాలర్ల లోటు.

ఇవన్నీ ఒకే బోర్డు చేసినవి, ఏడాదిలోపు జరిగినవి, పత్రికలో చదవక్కర్లేకుండా ఇంట్లో కూర్చునే కనబడేవి. ఎవరి మీద కోపమో తల్లిదండ్రులకు అయోమయం లేదు.

రీకాల్ (పదవిలో ఉన్నవాళ్లని గడువు తీరకముందే ఓటుతో తీసేయడం) పిటిషన్‌కి ఓటర్లలో 10 శాతం సంతకాలు కావాలి. అంటే ఒక్కో సభ్యుడికి 51,325. గడువు 160 రోజులు. నిర్వాహకులు సుమారు 80,000 చొప్పున ఇచ్చారు. ఎందుకంత ఎక్కువ అంటే, సంతకాల్లో చాలా చెల్లవు. ఓటరుగా నమోదు కానివాళ్లవి, చిరునామా మారినవాళ్లవి, ఒకే మనిషి రెండుసార్లు పెట్టినవి అన్నీ పోతాయి. అవసరమైన దానికన్నా 30 నుంచి 50 శాతం ఎక్కువ తెచ్చుకోకపోతే ఏ పిటిషనైనా లెక్కింపు బల్ల దగ్గరే ఆగిపోతుంది. ప్రచారానికి 20 లక్షల డాలర్ల దాకా పోగయ్యాయి. మొత్తం ఏడుగురిలో ముగ్గురే లక్ష్యం కావడానికి కారణం చట్టం. మిగతా నలుగురు 2020 నవంబరులో గెలిచారు, వాళ్లకి ఆరు నెలల రక్షణ ఉంది.

2022 ఫిబ్రవరి 15న కాలిన్స్, గాబ్రియేలా లోపెజ్, ఫావుగా మొలీగా ముగ్గురూ ఓడారు. అతి తక్కువ వ్యతిరేకత ఉన్న మొలీగాని తీసేయాలన్నవాళ్లే మూడింట రెండు వంతులు దాటారు. పోలింగ్ 36 శాతం చుట్టుపక్కల. ఇందులో గమనించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ నగరంలో డెమొక్రాట్లదే రాజ్యం. వీళ్లని తీసేస్తే ఖాళీల్లో మనుషుల్ని నియమించేది డెమొక్రాట్ మేయర్ లండన్ బ్రీడే. కాబట్టి "అవును" అని ఓటేసిన డెమొక్రాట్‌కి తన పార్టీకి ద్రోహం చేస్తున్నానన్న బెంగ లేదు. కోపం చూపించడానికి పార్టీ మారాల్సిన పని పడలేదు. ఇది చాలా పెద్ద విషయం, మన చర్చల్లో దీన్ని ఎవరూ పట్టించుకోరు.

అదే ఏడాది నవంబరులో ఏమైందో కూడా చూడండి. మేయర్ నియమించిన ముగ్గురిలో ఇద్దరు గెలిచారు, రీకాల్ ఉద్యమం నుంచి వచ్చిన ఆన్ సూ ఓడిపోయింది. తీసేయడానికి కూడిన జనం నిలబెట్టడానికి కూడా కూడతారని అనుకోకూడదు. లోవెల్ విషయంలో మాత్రం ఫలితం నిలిచింది. కొత్త బోర్డు 2022 జూన్‌లో 4-3 ఓట్లతో పాత పద్ధతి తిరిగి తెచ్చింది.

ఇప్పుడు మీ ఊరు. థామస్ జెఫర్సన్ హైస్కూల్లో, అంటే మనం టీజే అంటున్న బడిలో, 2020 చివర్లో ప్రవేశ పరీక్ష తీసేశారు. ప్రతి మిడిల్ స్కూల్ ఎనిమిదో తరగతిలో పైనున్న 1.5 శాతం మందికి సీట్లు కేటాయించారు, మిగతా వాటికి మార్కుల సగటు (జీపీఏ), వ్యాసాలు, కుటుంబ పరిస్థితులు చూస్తారు. మొదటి ఏడాదే ఆఫర్లలో ఆసియన్ పిల్లల వాటా 73 శాతం నుంచి 54కి దిగింది. తల్లిదండ్రుల కూటమి కోర్టుకెళ్లింది, 2022 ఫిబ్రవరిలో జిల్లా కోర్టులో గెలిచింది, 2023 మేలో నాలుగో సర్క్యూట్ అప్పీలు కోర్టులో ఓడింది, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేసు తీసుకోనంది. ఈ మధ్యలో, 2023 నవంబరులో, బోర్డులోని 12 సీట్లకూ ఎన్నిక జరిగింది. పన్నెండింటికి పన్నెండూ డెమొక్రాట్ల మద్దతు ఉన్నవాళ్లే గెలిచారు.

ఎందుకు? కొన్ని కారణాలు లెక్కలోనే ఉన్నాయి. కౌంటీ జనాభా 11 లక్షల పైచిలుకు, బడి పిల్లలు 1,80,000 దాకా. టీజేలో ఏటా ఇచ్చే సీట్లు 550 చుట్టూ, దరఖాస్తులు కొన్ని వేలు. ఎంత రగిలినా ఇది కొన్ని వేల ఇళ్ల బాధ. పైగా ప్రవేశాల కోపానికి ఆయుష్షు తక్కువ. ఎనిమిదో తరగతి పిల్లవాడు 2021లో సీటు పోగొట్టుకుంటే 2023 నాటికి వేరే హైస్కూల్లో పదో తరగతి పూర్తి చేసి ఉంటాడు. ఆ ఇంట్లో అప్పటి మాట కాలేజీ దరఖాస్తులు. నాలుగేళ్లకోసారి వచ్చే ఎన్నిక, ఒక్క ఏడాది మండే కోపం, ఈ రెండూ కలవాలంటే పద్ధతిగా ఎవరో ఒకరు నిప్పు కాపాడుతూ ఉండాలి.

ఇక బ్యాలట్. వర్జీనియాలో స్కూల్ బోర్డు అభ్యర్థి పేరు పక్కన పార్టీ ఉండదు. చట్టప్రకారం ఇది పార్టీ లేని ఎన్నిక. 2023లో అదే కాగితం మీద పైన రాష్ట్ర సెనేట్, ప్రతినిధుల సభ, ప్రాసిక్యూటర్, షెరీఫ్, కౌంటీ సూపర్‌వైజర్లు వరసగా ఉన్నారు. అవన్నీ దాటాక స్కూల్ బోర్డు వస్తుంది. పోలింగ్ కేంద్రం గుమ్మానికి 40 అడుగుల దూరంలో గీత ఉంటుంది, దాని ఇవతల ప్రచారం కూడదు. ఆ గీతకి అవతల మడత కుర్చీ వేసుకుని కూర్చున్న వలంటీరు మీ చేతిలో ఒక రంగు కాగితం పెడతాడు. పైన "శాంపుల్ బ్యాలట్" అని ఉంటుంది, ప్రతి పదవికీ ఎవరి గడిలో నల్లగా దిద్దాలో ముందే దిద్ది ఉంటుంది, స్కూల్ బోర్డుతో సహా. కార్లోంచి దిగి, అభ్యర్థుల పేర్లేవీ తెలియకుండా వచ్చినవాళ్లు ఆ కాగితం పట్టుకుని లోపలికెళ్లి అదే దిద్ది వస్తారు. పార్టీ లేని ఎన్నికలో పార్టీ దూరే దారి ఇదే. ఫెయిర్‌ఫాక్స్ లాంటి కౌంటీలో డెమొక్రాట్ల కాగితం మీద పేరుంటే వాళ్లదే గెలుపు, రెండో పార్టీ, అంటే రిపబ్లికన్ల, కాగితానికి గెలిచే బలం లేదు.

2023లో ఆ "రెండో కాగితం" మీద టీజే ఒక్కటే లేదు. లైబ్రరీ పుస్తకాలు, జెండర్ విధానం, అన్నీ కలిపి ఒకే మూట. అబార్షన్ హక్కు మీద సుప్రీంకోర్టు 2022 తీర్పు తర్వాత జరుగుతున్న ఎన్నిక అది. రాష్ట్రంలో రెండు సభలూ డెమొక్రాట్లకే దక్కాయి. టీజే పరీక్ష తిరిగి కావాలనుకునే డెమొక్రాట్ తల్లి ఆ ఒక్క కోరిక కోసం మిగతా మూట నెత్తికెత్తుకోవాలి. ఎక్కువమంది ఎత్తుకోరు. వాళ్లని తప్పుపట్టలేం.

ఇక్కడ 2021 గవర్నర్ ఎన్నిక గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే రిపబ్లికన్ అభ్యర్థి "యంగ్‌కిన్‌ని తల్లిదండ్రులే గెలిపించారు" అన్న మాట విని చాలామంది తప్పు లెక్క వేసుకున్నారు. డెమొక్రాట్ అభ్యర్థి టెర్రీ మెకాలిఫ్ సెప్టెంబరు 28 చర్చలో "బడులు ఏం చెప్పాలో తల్లిదండ్రులు చెప్పకూడదనుకుంటాను" అన్న భావంలో మాట్లాడాడు. ఆ ముక్క నెల రోజులు టీవీల్లో తిరిగింది. యంగ్‌కిన్ సుమారు 2 శాతం తేడాతో గెలిచాడు. ఏడాది క్రితం బైడెన్ అదే రాష్ట్రంలో 10 శాతం తేడాతో గెలిచాడు కాబట్టి జారుడు 12 పాయింట్లు. స్కూల్ బోర్డు సమావేశంలో అరెస్టుల దాకా వెళ్లి దేశమంతా మార్మోగిన లౌడన్ కౌంటీలో ఎంత జారింది? బైడెన్ ఆధిక్యం 25 పాయింట్లు, మెకాలిఫ్‌ది 11. అంటే 14. రాష్ట్రం సగటుకన్నా రెండే ఎక్కువ. అదే రోజు న్యూజెర్సీలో, స్కూల్ గొడవ ఇంతగా ముందుకు రాని చోట, డెమొక్రాట్ ఆధిక్యం 16 నుంచి 3కి పడింది. అదీ 13 పాయింట్లే. కాబట్టి ఎక్కువ భాగం దేశమంతటా వీచిన గాలి. అధ్యక్షుడి పార్టీ వర్జీనియా గవర్నర్ ఎన్నికలో ఓడడం 1977 నుంచి 2013 ఒక్కసారి తప్ప ప్రతిసారీ జరిగింది. 2025లో గాలి తిరగబడింది, డెమొక్రాట్ అబిగెయిల్ స్పాన్‌బర్గర్ 15 పాయింట్ల తేడాతో గెలిచింది.

స్కూల్ కోపం 2021లో ఏమీ చేయలేదని కాదు. అది వలంటీర్లను తెచ్చింది, ఇళ్ల ముందు బోర్డులు పెట్టించింది, గెలిచినవాడికి మొదటి నెలలోనే ఏం చేయాలో చెప్పింది. 2022 ఫిబ్రవరిలో మాస్కు పెట్టుకోవాలా వద్దా అన్నది తల్లిదండ్రుల ఇష్టానికి వదిలే చట్టం వచ్చింది. రెండు పాయింట్ల తేడాతో తేలే ఎన్నికలో చిన్న తోపు కూడా ముఖ్యమే. అయితే ఆ తోపు మీద ఆశ పెట్టుకుని 30 పాయింట్ల తేడా ఉన్న కౌంటీలో సీటు గెలుస్తామనుకుంటే నిరాశే మిగులుతుంది.

ఇంకొక సంగతి చాలామందికి మింగుడుపడదు. అసంతృప్తి ఎక్కువగా ఉన్నది తల్లిదండ్రుల్లో కాదు. గ్యాలప్ 2023 ఆగస్టులో అడిగితే దేశంలో బడి చదువు బాగుందన్నవాళ్లు 36 శాతం. తమ పిల్లల చదువు బాగుందన్న తల్లిదండ్రులు 76 శాతం. "బడులు పాడైపోయాయి" అనే జనం వేరు, "మా బడి పర్లేదు" అనే జనం వేరు. అమెరికాలో 18 ఏళ్ల లోపు పిల్లలున్న ఇళ్లు సుమారు నాలుగో వంతు. మిగతా మూడు వంతులకి స్కూల్ అంటే ఇంటి పన్ను, ఇంటి ధర, టీవీ వార్త. మీరు వాళ్లతో టీజే కటాఫ్ మాట్లాడితే వినరు. సూపరింటెండెంట్ జీతం, బస్సుల ఆలస్యం, ఖాళీగా ఉన్న టీచర్ పోస్టులు మాట్లాడితే వింటారు.

మన ఊళ్లతో పోల్చి అడిగేవాళ్లకి ఒక్క మాట. ఆంధ్రలో, తెలంగాణలో బడికి విడిగా ఎన్నికయ్యే బోర్డే లేదు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడుల్లో ఉండే యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది మహిళలు. కానీ ప్రైవేటు బడి ఫీజు మీద దానికి అధికారం లేదు, టీచర్ని నియమించే అధికారం కూడా లేదు. అందుకే ఫీజు కోపమైనా, 3, 4, 5 తరగతుల్ని దూరపు హైస్కూలుకి పంపిన కోపమైనా, అమ్మ ఖాతాలో పడే డబ్బు మీద సంతోషమైనా అన్నీ కలిసి ఒకే అసెంబ్లీ ఓటులోకి వెళ్తాయి, అక్కడ వాటికి వేరే వంద విషయాలతో పోటీ. అమెరికాలో బడికి విడిగా ఓటుంది. ఉన్న అవకాశాన్ని మనవాళ్లు వాడుకోకపోవడమే నాకు బాధ.

ఇక 2027. వర్జీనియాలో శాన్‌ఫ్రాన్సిస్కో తరహా రీకాల్ లేదు, ఆ ఆలోచన పక్కన పెట్టండి. ఇక్కడ ఆ పదవికి గత ఎన్నికలో పోలైన ఓట్లలో 10 శాతం సంతకాలు తెస్తే విషయం సర్క్యూట్ కోర్టుకి వెళ్తుంది. తీర్పు కోర్టుది, జనం ఓటు ఉండదు. నిర్లక్ష్యం, పదవీ దుర్వినియోగం, అసమర్థత రుజువు చేయాలి. విధానం నచ్చలేదన్నది కారణంగా నిలబడదు. లౌడన్‌లో 2021లో పిటిషన్ పడ్డాక బోర్డు సభ్యురాలు బెత్ బార్ట్స్ రాజీనామా చేసింది. అలా ఒత్తిడికి పనికొస్తుంది తప్ప దాని మీద ఏడాది పోసి కూర్చోకండి.

అసలు పోటీ వసంతంలోనే మొదలవుతుంది. నవంబరులో కాదు. ఒకే పార్టీ బలంగా ఉన్న కౌంటీలో ఆ పార్టీ కమిటీ ఎవరికి మద్దతు ప్రకటిస్తుందో అదే నిజమైన ఎన్నిక. మద్దతు నిర్ణయించేది కమిటీ సభ్యులు, వాళ్ల సంఖ్య కొన్ని వందల్లో ఉంటుంది. నవంబరులో 5,000 ఓట్లు తేవడం కన్నా, 2027 మొదట్లో మీ డిస్ట్రిక్ట్ (బోర్డు నియోజకవర్గం) నుంచి 60 మంది సిటిజన్లు ఆ కమిటీలో సభ్యులై, గడువుకి ముందే రుసుం కట్టి, సమావేశాలకి హాజరై, ప్రతి అభ్యర్థినీ "పరీక్ష తిరిగి పెడతారా? ఎనిమిదో తరగతికి ఏ గణితం?" అని అడగడం ఎక్కువ పనిచేస్తుంది. రెండో పార్టీ సానుభూతిపరులు అక్కడా ఇదే పని చేయాలి. ఇద్దరు అభ్యర్థులూ మీ మాట వినేవాళ్లయితే మూట సమస్య ఉండదు.

అభ్యర్థిని మీరే నిలబెట్టాలనుకుంటే కాగితాల పని తేలిక. స్కూల్ బోర్డుకి 125 మంది అర్హులైన ఓటర్ల సంతకాలు చాలు. 200 తెచ్చుకోండి. సంతకం పెట్టినవాళ్లు ఆ డిస్ట్రిక్ట్ ఓటర్లే అయి ఉండాలి, పక్క డిస్ట్రిక్ట్ స్నేహితుడి సంతకం చెల్లదు. గడువు జూన్‌లో పడుతుంది, తేదీ మాత్రం కౌంటీ రిజిస్ట్రార్ దగ్గర ఖాయం చేసుకోండి. ఒకే వర్గం ఓట్ల కోసం మన నుంచి ఇద్దరు నిలబడితే ఇద్దరూ పోతారు, రెండో రౌండ్ ఉండదు. బోర్డులో 9 డిస్ట్రిక్ట్ సీట్లు, 3 కౌంటీ మొత్తానికి. ఆ మూడింటికి ప్రతి ఓటరూ ముగ్గురికి దాకా ఓటేయొచ్చు, తక్కువకి వేసినా ఓటు చెల్లుతుంది. మీకు ఒక్కరే కావాలంటే ఒక్క గడి దిద్ది మిగతా రెండూ వదిలేయడం ఆ ఒక్కరికి బలం. మొహమాటానికి మిగతా రెండూ నింపితే మీ ఓటే మీ అభ్యర్థికి పోటీ పడుతుంది.

వాట్సాప్ గ్రూపు పరిమాణం చూసి మోసపోకండి. 250 మంది ఉన్న గ్రూపు అనుకుందాం. వాళ్లలో సిటిజన్లు ఎందరు? నమోదైనవాళ్లు? మీ డిస్ట్రిక్ట్‌లో ఉన్నవాళ్లు? 2023లో నిజంగా వెళ్లి వేసినవాళ్లు? ఒక షీటులో నాలుగు గడులు పెట్టి ఒక్కొక్కరినీ ఫోన్ చేసి అడగండి. చివరికి ముప్పై తేలినా ఆశ్చర్యపోవద్దు. పని మొదలుపెట్టాల్సింది ఆ ముప్పైతో. ముందస్తు ఓటు 45 రోజుల ముందే మొదలవుతుంది, శనివారం రెండు కార్లలో కలిసి వెళ్లొచ్చేయండి.

మీ హెచ్-1బీ గురించి. మీరు బోర్డు సమావేశంలో మాట్లాడొచ్చు. రెండు మూడు నిమిషాలే ఇస్తారు, ఒకే కోరిక, అది ఏ అజెండా అంశానికి చెందుతుందో చెప్పి ముగించండి. తల్లిదండ్రులు, టీచర్ల సంఘం పీటీఏలో ఉండొచ్చు. జీతం లేకుండా ప్రచారంలో తలుపులు తట్టొచ్చు. చందా మాత్రం ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. స్థానిక ఎన్నికకైనా సరే, ఫెడరల్ చట్టం విదేశీయుల చందా నిషేధిస్తుంది. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి ఆ నిషేధం లేదు, కానీ ఓటు వాళ్లకీ లేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2016లో జనం ఆమోదించిన చట్టం వల్ల సిటిజన్ కాని తల్లిదండ్రులు స్కూల్ బోర్డుకి ఓటేయొచ్చు. అది చూసి వర్జీనియాలో కూడా ఉందేమో అనుకుని డీఎంవీలో లైసెన్స్ రెన్యూ చేసేటప్పుడు తెర మీద "అమెరికా పౌరులా?" అన్న ప్రశ్నకి అలవాటుగా అవునని నొక్కితే, అది తప్పుడు పౌరసత్వ ప్రకటన. గ్రీన్ కార్డ్ దారి శాశ్వతంగా మూసుకుపోవచ్చు. ఎన్నికల సీజన్లో స్నేహితుడెవరైనా "నమోదు చేయించుకో, ఏం కాదు" అంటే వినకండి.

మీ గుడి, తెలుగు సంఘం 501సి3 కింద (పన్ను మినహాయింపు ఉన్న సేవా సంస్థగా) ఉంటే అభ్యర్థికి మద్దతు ప్రకటించకూడదు. అందరినీ పిలిచి అవే ప్రశ్నలు అడిగే సభ పెట్టొచ్చు.

2023 ఫలితాల్ని కూడా ఒకసారి ప్రిసింక్ట్ (ఒక్కో పోలింగ్ కేంద్రం పరిధి) వారీగా తెరిచి చూడండి, రాష్ట్ర ఎన్నికల శాఖ వెబ్‌సైట్లో ఉంటాయి. పోలైన మొత్తం బ్యాలట్లని మూడుతో గుణించండి, కౌంటీ మొత్తపు మూడు సీట్లకి పడిన ఓట్లు అందులోంచి తీసేయండి. మిగిలినవి ఖాళీగా వదిలేసిన గడులు. ఆ సంఖ్య కౌంటీ అంతటా కలిపి ఆ మూడు సీట్లలో గెలుపు తేడా కన్నా పెద్దదైతే, ఎవరి మనసూ మార్చాల్సిన అవసరం లేకుండానే మీకు పని చేయడానికి చోటుంది. 2027 పిలుపుల జాబితా ఖాళీ గడులు ఎక్కువున్న ప్రిసింక్ట్‌ల నుంచే మొదలుపెట్టండి.